పెట్టె బండిదా, మనిషిదా? ధర్మవరం–హిందూపురం దారిలో టూల్ బాక్స్ చరిత్ర



ఇవాళ్టి విషయం వింటే కొందరికి నవ్వొస్తుందేమో. మన ప్రాంతపు చరిత్ర అనగానే పెనుకొండ కోట, లేపాక్షి బసవన్న, ధర్మవరం పట్టు, ఇవే గుర్తొస్తాయి. ఇవాళ నేను మాట్లాడబోయేది టూల్ బాక్స్ గురించి. అవును, బండికి బిగించుకునే పనిముట్ల పెట్టె. పానాలు, సుత్తి, జాకీ, తిరుపుళి వేసుకునే పెట్టె.

హిందూపురం వైపు బోరు మోటార్లు దించే, ఎత్తే పని చేసుకునే ఒక తమ్ముడు ఈ మధ్య అడిగాడు. "అన్నా, బండికి గట్టి పెట్టె ఒకటి చేయించుకోవాల. ఇనుముది మేలా, అల్యూమినియందా? పదేండ్లన్నా రావాల" అని. మంచి ప్రశ్న. కానీ దీన్ని లోహం దగ్గర మొదలుపెడితే ఎంతకీ తేలదు. ముందు తేల్చుకోవాల్సిన మాట ఇంకొకటుంది. ఆ పెట్టె బండిదా, మనిషిదా? బండికి బిగించి వదిలేసేదా, మనిషి చేత్తో పట్టుకుని పోయేదా? ధర్మవరం నుంచి పెనుకొండ మీదుగా హిందూపురం దాకా పోయే ఈ దారిలో నూట ముప్పై ఏళ్లుగా ఈ తగాదా నడుస్తూనే ఉంది. రైల్వేలో అయితే ఇప్పటికీ చల్లారలేదు.

ముందు ఎద్దుల బండి చూద్దాం. 1565లో తళ్లికోట యుద్ధం తర్వాత విజయనగర రాజధాని పెనుకొండకి మారింది కదా. ఒక రాజధాని మారిందంటే ధాన్యం, గడ్డి, సామాను, అన్నీ ఎద్దుల మీదా బండ్ల మీదా కదలాల్సిందే. ఆ బండికి టూల్ బాక్స్ ఏది? పాతకాలపు బండి చూసినవాళ్లకి తెలుస్తుంది. కింద ఇరుసు పక్కన ఒక వెదురు గొట్టం వేలాడుతూ ఉంటుంది. అందులో కందెన. ఆముదంలో కాల్చిన గడ్డి మసి కలిపి చేసే నల్లటి జిడ్డు. చక్రం కిర్రుమంటే కడసీల ఊడదీసి, చక్రం కొంచెం బయటికి లాగి, ఇరుసుకి ఆ కందెన పూసి, మళ్లీ కడసీల కొట్టేవాళ్లు. బండివాడి పనిముట్లంటే ఆ గొట్టం, ఒక రాయో సుత్తో, నాలుగు మూరల తాడు. అంతే.

ఆ గొట్టం పూర్తిగా బండిదే. ఎద్దుల్ని విప్పి ఇంటికి తోలుకుపోయినా గొట్టం బండి కిందే వేలాడేది. దాన్ని దొంగిలించేవాడు లేడు. పగిలితే ఇంకో బొంగు ముక్క. పెద్ద రిపేరు వస్తే ఊళ్లో వడ్రంగి, కమ్మరి ఉన్నారు. ఇరుసు విరిగితే బండి అక్కడే ఆగేది, మనిషి నడిచి వడ్రంగి దగ్గరికి పోయేవాడు. పనిముట్లన్నీ వెంట మోసుకుని తిరగాల్సిన అవసరమే రాలేదు, ఎందుకంటే ప్రతి నాలుగు కోసులకీ పనిముట్లు తెలిసిన మనిషి ఒకడు ఉన్నాడు.

ఆ అవసరాన్ని తెచ్చింది రైలు.

1876–78 కరువు, మనవాళ్లు ధాత కరువు అంటారే, అది బళ్లారి, అనంతపురం సీమల్ని తుడిచిపెట్టింది. అనంతపురం జిల్లా విడిగా ఏర్పడింది ఆ తర్వాత, 1882లో. అదే ఏడాది సదరన్ మరాఠా రైల్వే కంపెనీ పుట్టింది. ధార్వాడ దాని కేంద్రం. కరువు సీమలకి తిండిగింజలు చేర్చే లైన్లు వేయడం దాని పనుల్లో ముఖ్యమైనది. గుంతకల్లు నుంచి ధర్మవరం, పెనుకొండ, హిందూపురం మీదుగా బెంగళూరు వైపు మీటర్ గేజ్ లైను 1890ల మొదట్లో పడింది. దాదాపు అదే కాలంలో ధర్మవరం నుంచి కదిరి, మదనపల్లె వైపుగా పాకాలకి ఇంకో లైను. దాంతో ధర్మవరం జంక్షన్ అయింది.

ఇప్పుడు ఆలోచించండి. స్టేషన్‌కీ స్టేషన్‌కీ మధ్య మైళ్ల కొద్దీ గుట్టలు, చిట్టడవి, వేరుశనగ చేలు. అక్కడ రైలు ఆగిపోతే కమ్మరీ లేడు, వడ్రంగీ లేడు. కావాల్సిందంతా రైలుతోనే రావాలి. కాబట్టి రైల్వే పనిముట్ల పెట్టె గురించి సీరియస్‌గా ఆలోచించింది. ఒకటి కాదు, మూడు రకాల పెట్టెలు తయారయ్యాయి.

మొదటిది గ్యాంగ్ పెట్టె. పట్టాలు చూసుకునే గ్యాంగ్‌మెన్‌ది. కంకర కూరే బీటర్లు, గడారులు, పారలు, ఫిష్‌బోల్టు పానాలు అందులో ఉంటాయి. పని అయ్యాక అన్నీ లెక్కపెట్టి లోపల పెట్టి తాళం వేయాలి. ఈ తాళం ఊరికే దొంగల భయానికి వేసింది కాదు. ఒక ఫిష్‌బోల్టు పానా, ఒక గడారి తప్పుడు చేతుల్లో పడితే పట్టా ఊడిపోతుంది, రైలు పడిపోతుంది. అందుకని ఆ పెట్టె ఎంత గట్టిదని కాకుండా, తాళం చెవి ఎవరి దగ్గరుందన్నదే అధికారులు ముందు అడిగే ప్రశ్న.

రెండోది తోపుడు ట్రాలీ. ఇంజనీరుగారు కూర్చుంటే ట్రాలీమెన్ పట్టాల మీద పరుగెత్తుతూ తోసే బండి. పైన గొడుగు. దాంట్లో ఎర్ర జెండాలు, గేజి కొలిచే కొలబద్ద, సుత్తి, డిటొనేటర్లు, వాటితోపాటు ఒక గొలుసూ తాళమూ. రైలు వస్తోందంటే ట్రాలీని ఎత్తి పక్కన పెట్టాలి, పెట్టి వదిలిపోయేటట్లయితే గొలుసు వేయాలి. ఇక్కడ బరువు మాట వచ్చింది చూశారా? మనుషులు ఎత్తాల్సిన బండి కాబట్టి దాని మీద ఎంత సామాను పెట్టాలన్నది ఆ మనుషుల నడుములే తేల్చాలి.

మూడోది మన కథకి అసలైనది. లైన్ బాక్స్. గార్డుగారి పెట్టె, డ్రైవరుగారి పెట్టె.

రైల్వే స్టేషన్లలో చిన్నప్పుడు తిరిగినవాళ్లందరూ దాన్ని చూసే ఉంటారు. నల్ల రంగేసిన ఇనుప ట్రంకు పెట్టె. మూత మీద తెల్ల అక్షరాలతో పేరు, హోదా, హెడ్‌క్వార్టర్. ప్లాట్‌ఫారం చివర్లో అలాంటివి వరసగా పేర్చి ఉంటే వాటి మీద మనం కూర్చునేవాళ్లం, ఎవరో ఒకరు లేపేవాళ్లు. గార్డు పెట్టెలో ఏముంటాయంటే చేతి సిగ్నల్ దీపం, ఈల, 2 ఎర్ర జెండాలు, 1 పచ్చ జెండా, బోగీల తాళంచెవి, తాళం కప్పలు, ప్రథమ చికిత్స సామాను, రూల్ పుస్తకం, టైం టేబుల్, 10 డిటొనేటర్లు.

ఈ డిటొనేటర్ల గురించి కొంచెం చెప్పాలి. గుండ్రటి రేకు డబ్బీలు. పట్టా మీద బిగిస్తే ఇంజను చక్రం ఎక్కగానే ఢాం అని పేలతాయి. ముందు ప్రమాదం ఉందని డ్రైవరుకి తెలుస్తుంది. మీ రైలు మధ్యలో ఆగిపోయి, పక్క లైన్‌కి అడ్డం పడిందనుకోండి. గార్డు పెట్టె తెరిచి, డిటొనేటర్లు, ఎర్ర జెండా తీసుకుని పట్టాల వెంట నడవాలి. బ్రాడ్ గేజ్ అయితే 600 మీటర్ల దగ్గర ఒకటి, 1200 మీటర్ల దగ్గర పదేసి మీటర్ల దూరంలో మూడు పెట్టాలి. మీటర్ గేజ్‌కి 400, 800 మీటర్లు. మన గుంతకల్లు–బెంగళూరు లైను 1980ల మొదట్లో బ్రాడ్ గేజ్ అయింది, అంటే అప్పట్నుంచి ఇక్కడి గార్డు చీకట్లో, గుట్టల మధ్య, అర్ధరాత్రి నడవాల్సిన దూరం ఒక్కసారిగా ఒకటిన్నర రెట్లయింది. ఈ సంగతి ఏ శిలాఫలకం మీదా ఉండదు.

ఈ డిటొనేటర్లు తేమ తగిలితే చెడిపోతాయి. ఇటుక గోడకి ఆనించి పెట్టకూడదు, తడి చెక్కకి తగలకూడదు, బ్లీచింగ్ పొడి లాంటివాటి దగ్గర ఉండకూడదని రూలు. పెట్టె ఇనుముది ఎందుకు, మూత అంచు బయటికి వంచి కింది అంచు మీదికి దిగేలా ఎందుకు చేశారు అంటే ఇందుకే. వాన నీరు లోపలికి దిగకూడదు, ఇంజను నుంచి ఎగిరే నిప్పు రవ్వ లోపల పడకూడదు. గూడ్సు బండి బ్రేక్ వ్యాన్‌లో ఆ పెట్టే గార్డుకి కుర్చీ కూడా. మనిషి కూర్చున్నా సొట్టపడకూడదు. ఒక్క పెట్టె మీద ఇన్ని కోరికలు పెట్టారు కాబట్టి అది బరువెక్కింది.

బరువెక్కాక మోసేది ఎవరు? గార్డుగారు మొయ్యరు. అందుకోసం ఇంకో ఉద్యోగం పుట్టింది. బాక్స్ పోర్టర్, బాక్స్ బాయ్. డ్యూటీ మారే స్టేషన్లో దిగే గార్డు పెట్టె దించి, ఎక్కే గార్డు పెట్టె ఎక్కించడం ఆ మనిషి పని. ధర్మవరం లాంటి జంక్షన్ అంటే రెండు మూడు వైపుల బండ్లు, రాత్రీ పగలూ. రైలు ఆగేది కొన్ని నిమిషాలు. ఆలోపు ప్లాట్‌ఫారం ఈ చివర ఇంజనుకి ఒక పెట్టె, ఆ చివర గార్డు వ్యాన్‌కి ఒక పెట్టె. పెట్టె గట్టిదనాన్ని మెచ్చుకునేటప్పుడు ఆ గట్టిదనం ఎవరి నెత్తి మీదుగా నడిచిందో కూడా లెక్కలోకి రావాలని నా అభిప్రాయం.

లైన్ బాక్సులో ఇంకో విశేషముంది. బండి కదిలే సామానే అయినా అది బండిది కాదు. మనిషిది. పేరు రాసి ఉంటుంది. ధర్మవరం గుంతకల్లు డివిజన్, పెనుకొండ, హిందూపురం బెంగళూరు డివిజన్. రైలు ఈ హద్దులు దాటి పోతూనే ఉంటుంది, మనుషులు మారుతుంటారు, మనిషితో పెట్టె దిగుతుంది. లోపల డిటొనేటర్ ఒకటి తగ్గితే జవాబు చెప్పాల్సింది ఆ పేరున్న మనిషే. బండి కింది కందెన గొట్టానికి సరిగ్గా వ్యతిరేకం ఇది.

ఇప్పుడు రోడ్డు మీదికి వద్దాం. హైదరాబాదు–బెంగళూరు రోడ్డు, పాత ఎన్‌హెచ్-7, ఇప్పటి ఎన్‌హెచ్-44, పెనుకొండ పక్కనుంచే పోతుంది. హిందూపురం బెల్లం, చింతపండు, మిర్చి మార్కెట్ పేరు మీకు తెలిసిందే. లారీల యుగం వచ్చాక పెట్టె మళ్లీ బండిదయింది. చాసిస్ పక్కన, వెనక చక్రాల ముందు బిగించిన ఇనుప పెట్టె. జాకీ, వీల్ పానా, టామీ రాడ్, తాడు, ఒక పాత గోనెసంచి. గోనెసంచి ఎందుకంటే లోపల ఇనుము ఇనుముకి తగిలి దారి పొడుగునా గడగడమంటుంది, పెట్టె అడుగు అరిగిపోతుంది. సంచి పరిస్తే రెండూ తగ్గుతాయి. ఇంతకన్నా చవకైన ఇంజనీరింగ్ నేను చూడలేదు.

అన్నట్టు, స్టెప్నీ అంటాం కదా, ఆ మాట ఎక్కడిదో తెలుసా? వేల్స్ దేశంలో లనెల్లి అనే ఊళ్లో 1904లో అదనపు చక్రం తయారు చేసే కంపెనీ మొదలైంది. దానిపేరు స్టెప్నీ, అక్కడి వీధి పేరు. అప్పటి మోటారు కార్లకి విడి చక్రం ఇచ్చేవాళ్లు కాదు. ఆ కంపెనీ పోయింది, బ్రిటన్‌లో ఆ మాటే జనం మర్చిపోయారు, మన లారీ క్లీనరు నోట్లో మాత్రం ఇంకా బతికుంది.

లారీలో పెట్టె బండిదే, కానీ లెక్క మనిషిది. అదీ చిక్కు. నేను మాట్లాడిన పాత డ్రైవర్లు చెప్పేదేమంటే, కొత్త డ్రైవరు బండి ఎక్కేముందు స్టెప్నీ, జాకీ, పానాలు ఎన్నున్నాయో లెక్క చూసుకుని ఎక్కేవాడట. లేకపోతే ముందువాడు పోగొట్టిన జాకీ ఇతని జీతంలోంచి పోతుంది. రాత్రి ధాబా దగ్గర ఆగితే క్లీనరు కుర్రాడు నిద్రపోవాల్సింది పెట్టె ఉన్న వైపే. పెట్టె తాళం ఎంత బలహీనంగా ఉంటే ఆ పిల్లాడి నిద్ర అంత తగ్గుతుంది.

ఇక్కడ ఆగి మన తమ్ముడి ప్రశ్నకి జవాబు చెప్పేస్తాను.

3 అడుగుల పొడవు, అడుగున్నర వెడల్పు, అడుగున్నర ఎత్తు పెట్టె అనుకుందాం. దాని ఆరు పక్కలూ కలిపితే దాదాపు 2 చదరపు మీటర్ల రేకు. 16 గేజ్ ఇనుప రేకు, అంటే సుమారు 1.6 మిల్లీమీటర్లు, వాడితే ఖాళీ పెట్టే 25 కిలోలు. 18 గేజ్, అంటే 1.2 మిల్లీమీటర్లు అయితే 19 కిలోలు. గేజ్ అంకె పెరిగితే రేకు పలచన అవుతుంది, దుకాణంలో ఇది చూసుకోండి. 2 మిల్లీమీటర్ల అల్యూమినియం రేకు అయితే 11 కిలోలే. ఇవి ఫ్రేము, కడియాలు, తాళం కలపని లెక్కలు.

బోరు పనివాడికి చైన్ పుల్లీ, పెద్ద పైపు రెంచీలు, పైపు క్లాంపులు ఉంటాయి. ఇవి బండి దగ్గరే ఉంటాయి, బండి పోలేని చోట ఎలాగూ ఇద్దరు ముగ్గురు పట్టాలి. వీటికి బండి పెట్టె కావాలి. 16 గేజ్ ఇనుము, బండికి బోల్టులతో బిగింపు. బరువు ఉన్నా ఫర్వాలేదు, ఎవరూ ఎత్తరు. మీటరు, చిన్న పానాలు, కటింగ్ ప్లేయరు, టేపు, ఇవి మనిషి పెట్టె. బోరు ఎక్కడో చేను మధ్యలో ఉంటుంది, రెండు గట్లు, ఒక వంక దాటాలి. దానికి చేతికి తేలికైన పెట్టె. మోసుకుపోలేని పెట్టె కొంటే ఏమవుతుంది? దాన్ని బండిలోనే వదిలి జేబులో రెండు పానాలు వేసుకుని పోతాడు, మూడో పానా కోసం మళ్లీ ఎండలో వెనక్కి నడుస్తాడు. ఒకటే పెద్ద పెట్టెలో అంతా కుక్కడం నాకైతే తెలివైన పనిగా కనపడదు.

మన్నిక విషయానికి వస్తే, రేకు మందం చూసి మోసపోవద్దు. పెట్టె రేకు మధ్యలో పోదు. మూలల్లో పోతుంది, అడుగున పోతుంది, మూత కీలు దగ్గర పోతుంది. మూలల్లో చుక్కలు చుక్కలుగా కాకుండా పూర్తిగా వెల్డింగ్ వేశారా చూడండి. కీలు రెండు ముక్కలుగా కాకుండా మూత పొడవునా ఒకటే ఉందా చూడండి. అడుగున రెండు మూలల్లో చిన్న రంధ్రాలు పెట్టించండి. లోపలికి నీళ్లు రాకుండా చేస్తారు సరే, వచ్చిన నీళ్లు పోయే దారి ఉండదు, అక్కడే తుప్పు. మన సీమలో వాన తక్కువ, కోస్తాలో లాగా ఉప్పుగాలి లేదు, కాబట్టి మంచి రంగు వేసిన ఇనుము బాగానే నిలుస్తుంది. ఇక్కడి శత్రువు దుమ్ము. మూత అంచు లైన్ బాక్సులో లాగా కిందికి దిగాలి, లోపల రబ్బరు బీడింగ్ ఉండాలి. అల్యూమినియం పెట్టెని ఇనుప చాసిస్‌కి నేరుగా బిగిస్తే, తడి తగిలినప్పుడు రెండు లోహాలు ఆనిన చోట అల్యూమినియం తినేస్తుంది, మధ్యలో రబ్బరు ముక్క వేయాలి. ప్లాస్టిక్ పెట్టె చేతి పనికి మంచిదే, కానీ మన ఎండలో ఏళ్ల తరబడి బండి మీద బయట పెడితే పెళుసెక్కుతుంది.

ఇంకో పక్క పెట్టె మాయమైపోయే కాలం కూడా వచ్చింది. పెనుకొండ మండలం ఎర్రమంచి దగ్గర కియా ఫ్యాక్టరీ నుంచి 2019లో కార్లు బయటికి రావడం మొదలైంది. కొత్త కారు డిక్కీ తెరిస్తే జాకీ, పానా ఒక అచ్చులో ఒదిగి కనపడకుండా ఉంటాయి. 2020లో కేంద్రం మోటారు వాహనాల నిబంధనలు మార్చింది. ట్యూబ్‌లెస్ టైర్లు, గాలి తగ్గితే హెచ్చరించే ఏర్పాటు, పంక్చరు కిట్టు ఉంటే చిన్న బండ్లకి స్టెప్నీయే తప్పనిసరి కాదు. ఫోన్ చేస్తే సర్వీసు బండి వస్తుంది. ఒకరకంగా మనం ఎద్దుల బండి కాలానికి తిరిగొచ్చాం. పనిముట్లు తెలిసిన మనిషి దగ్గర్లో ఉన్నాడనే ధైర్యం.

రైల్వే కూడా ఇదే దారి పట్టింది. అక్కడ గొడవైంది. 2018 ప్రాంతంలో కొన్నిచోట్ల లైన్ బాక్సుల బదులు ట్రాలీ బ్యాగులు ప్రయోగంగా మొదలుపెట్టారు. చక్రాలున్న సూట్‌కేసు, లాక్కుంటూ పోవడమే. 2022లో అన్ని జోన్లకూ ఆ మాట చేరింది. అదే ఏడాది జనవరిలో గార్డు అనే పేరు కూడా తీసేసి ట్రెయిన్ మేనేజర్ అన్నారు. రైల్వే వాదన ఇది: పెట్టెలు ఎక్కించి దించడానికి సమయం, ఖర్చు. భద్రతా సామాను ఇంజన్లో, గార్డు వ్యాన్‌లోనే శాశ్వతంగా ఉంచుదాం. రూల్ పుస్తకాలు ట్యాబ్లెట్‌లో పెడదాం. అంటే పెట్టెని మనిషి దగ్గర్నుంచి తీసి బండికి ఇచ్చేద్దాం.

గార్డుల, డ్రైవర్ల సంఘాలు ఒప్పుకోలేదు. డిటొనేటర్ అంటే పేలుడు సామాను, దాన్ని సొంత బ్యాగులో వేసుకుని ఇంటికి తీసుకుపోమంటారా అన్నారు. బండిలోనే పెడితే, ముందు డ్యూటీ మనిషి వాడేసి చెప్పకపోతే అర్ధరాత్రి 1200 మీటర్లు నడవాల్సినవాడికి అది ఎప్పుడు తెలుస్తుంది అని అడిగారు. లారీ డ్రైవరు జాకీ లెక్క చూసుకోవడం లాంటిదే ఇది, కాకపోతే ఇక్కడ పోయేది జీతం కాదు, ప్రాణాలు.

నా మట్టుకు నాకు రెండు వైపులా సగం సగం సబబు కనపడుతోంది. పేరు రాసిన పెట్టెకి ఉండే బాధ్యత, బండికి బిగించిన పెట్టెకి తనంతట తాను రాదు. దాన్ని ప్రతి డ్యూటీ మార్పులో లెక్క చూసి సంతకం పెట్టించే పద్ధతి ఉంటేనే వస్తుంది. అలాగని ఒక మనిషి నెత్తి మీద ఇనుప ట్రంకు ప్లాట్‌ఫారం పొడవునా పరుగెత్తాలనడం కూడా సరికాదు. కానీ ఈ వాదన అంతట్లో బాక్స్ పోర్టర్ల మాట ఎవరూ పెద్దగా ఎత్తలేదు. వాళ్లలో చాలామంది కాంట్రాక్టు మనుషులు. బరువు తగ్గింది, దాంతోపాటే పని కూడా పోయింది.

ధర్మవరంలోనో, గుంతకల్లులోనో, హిందూపురంలోనో మీ ఇంట్లో పెద్దవాళ్లెవరైనా బాక్స్ పోర్టర్‌గా చేసి ఉంటే, ఏ బండికి ఎన్ని నిమిషాలుండేవి, పెట్టె ఎంత బరువుండేది, రోజుకెంత ఇచ్చేవాళ్లు, వాళ్లనడిగి రాయండి. వాటితో ఇంకో ఎపిసోడ్ చేద్దాం.